నంబర్ ప్లేట్లన్న చేసిన కంప్యూటర్ పెట్టె

నంబర్ ప్లేట్లన్న పోయాడని మొన్న ఆదివారం పొద్దున వదిన ఫోన్ చేసి చెప్పింది. "నిద్రలనే పోయిండు చెల్లె. దగ్గు గూడ రాలే. చాయ్ తీస్కపోయి లేపిన, లేవలే" అంది. ఆమె గొంతులో ఏడుపు కన్నా అలసట ఎక్కువగా వినిపించింది. ఫోన్ పెట్టేశాక నేను ముందుగా చేసిన పని చెబితే మీరేమనుకుంటారో తెలియదు. గట్టిగా ఊపిరి వదిలాను. ఏడాదిగా ఆయన ఊపిరి కోసం పడిన పాట్లు చూసినవాళ్ళెవరైనా అదే చేసేవారు. మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళకు ఆనించి, ఒక్కో ఊపిరినీ లోతు బావిలోంచి తోడుకున్నట్టు తీసుకునేవాడు. ఇక ఆ కష్టం లేదు. ఏడుపు ఆ తర్వాత, భద్రాచలం బస్సులో కూర్చున్నాక వచ్చింది.

ఆయన నాకు సొంత అన్న కాదు. భద్రాచలం బస్టాండు వెనక సందులో ఒక రేకుల కొట్టు ఆయనది. బండ్లకు నంబర్ ప్లేట్లు, ఇళ్ళకు పేరు పలకలు, ఆఫీసులకు రబ్బరు స్టాంపులు చేసేవాడు. అందుకే ఊరందరికీ నంబర్ ప్లేట్లన్న. కొట్టు వెనకే ఇల్లు. నేను చర్ల వైపు అడవిలో ఉన్న ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో సైన్సు టీచర్ని. దమ్మపేట దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టి, ఉద్యోగం కోసం అటు వెళ్ళినదాన్ని.

సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. కుంచె తుడుచుకోవడానికి గుడ్డ వెతుక్కునే ఓపిక లేక ఎడమ తొడ మీదే తుడిచేవాడు. ఆయన ప్యాంట్లన్నిటికీ ఒక కాలు రంగులమయం, ఇంకో కాలు శుభ్రం. చాయ్ ఎప్పుడూ సాసర్లో పోసుకునే తాగేవాడు, గ్లాసులో ఇస్తే సాసర్ అడిగేవాడు. ఏ బోర్డు రాసినా ఇచ్చేముందు దాన్ని చివరి అక్షరం నుంచి మొదటి అక్షరం దాకా వేలు పెట్టి చదివేవాడు. ఎందుకన్నా అలా అని అడిగితే, "ముందునుంచి చదివితే మనకు తెల్సింది కనబడ్తది చెల్లె. ఎన్కనుంచి చదివితెనే రాసింది కనబడ్తది" అన్నాడు. నేను ఇప్పటికీ పిల్లల పరీక్ష పేపర్లు కట్ట కట్టేముందు అలాగే చూసుకుంటాను.

మా పరిచయం ఒక కంప్యూటర్ వల్ల. మా బడికి ఒక కంప్యూటర్ ఇచ్చారు. అది ప్రిన్సిపాల్ మేడం గదిలో పూల గుడ్డ కప్పుకుని కూర్చుంది. మా దగ్గర కరెంటు ఎప్పుడు పెరుగుతుందో ఎప్పుడు పడిపోతుందో తెలియదు, కాలిపోతే జవాబు చెప్పాల్సింది ఆవిడే. అందుకని ఎవరినీ తాకనిచ్చేది కాదు. పిల్లలు వారానికొకసారి ఆ గుడ్డ దులిపేవాళ్ళు. ఏడో తరగతి అమ్మాయి ఒకతి నన్నడిగింది: "టీచర్, దాన్ని ముట్టుకుంటే షాక్ కొడ్తదా?" ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు.

డిగ్రీలో నేను ఎలక్ట్రానిక్స్ చదివాను. ఒక చిన్న మైక్రోకంట్రోలర్ చిప్, ఒక పాత కీబోర్డు, ఒక పాత టీవీ ఉంటే చేతి కింద పనికొచ్చే బుల్లి కంప్యూటర్ తయారవుతుందని ఒక పత్రికలో చదివాను. సరదాకి ఇంట్లో చేసుకునేవాళ్ళు చేసే రకం. పాడైనా గుండె ఆగిపోనంత ఖరీదు. చిప్‌లోకి ప్రోగ్రామ్ ఎక్కించడానికి ఖమ్మంలో కంప్యూటర్ సెంటర్ నడిపే నా స్నేహితురాలు ఒప్పుకుంది. కొన్ని ఆదివారాలు అక్కడ కూర్చుంటే టీవీ మీద ఇంగ్లిష్ అక్షరాలు వచ్చాయి. కానీ ఖమ్మంలో పనిచేసింది చర్ల చేరేసరికి పనిచేసేది కాదు. అంతా వదులు తీగలతో కట్టింది. ఆ రోడ్డు మీద బస్సు కుదుపులకు ప్రతిసారీ ఏదో ఒకటి ఊడిపోయేది. తీగలన్నీ రాగి గీతలుగా మారిపోయి ఒకే పలకకు అంటుకుని ఉండే సర్క్యూట్ బోర్డు కావాలి. అది చేయించాలంటే హైదరాబాద్ పోవాలని అనుకున్నాను.

ఆ రోజుల్లో మా వార్డెనమ్మ రిటైర్ అవుతుంటే, ఆమె ఇంటికి ఇత్తడి పేరు పలక చేయించే పని నాకు పడింది. అలా ఆ కొట్టుకు వెళ్ళాను. అన్న ఇత్తడి రేకు మీద పెయింటుతో పేరు రాసి, ఆరబెట్టి, ఒక ప్లాస్టిక్ తట్టలోని గోధుమరంగు మందునీళ్ళలో ముంచాడు. కాసేపటికి తీసి చూపించాడు. పెయింటు ఉన్నచోట ఇత్తడి అలాగే ఉంది. లేనిచోట నీళ్ళు తినేశాయి. సర్క్యూట్ బోర్డులు చేసేదీ సరిగ్గా ఆ నీళ్ళతోనే. నేను చదువుకున్న పాఠం నా కళ్ళముందే ఆరుతోంది.

"అన్నా, రాగి మీద కూడా ఇలా వస్తుందా?"

"రాగైతే ఇంక జల్ది తింటది. ఏం పేరు రాయాలె చెల్లె?"

"పేరు కాదన్నా. గీతలు."

కాగితం తీసి చూపించాను. నేను రాత్రుళ్ళు పెన్సిల్‌తో గీసి, చెరిపి, మళ్ళీ గీసుకున్న బొమ్మ అది. చిప్‌కు ఇరవై ఎనిమిది కాళ్ళు, ఒక్కో కాలు నుంచి ఒక్కో దారి. ఆయన దాన్ని చాలాసేపు చూసి, కాగితాన్ని తిప్పి వెలుతురుకు పట్టాడు.

"గీ చిప్పు పలకకు ఏ దిక్కుంటది?"

"పైన."

"రాగి?"

"కింద."

"మరి గిట్ల గీస్తే ఎట్ల? స్టాంపు లెక్క తిరగ గీయాలె గద."

నా ముఖం ఎర్రబడింది. నిజమే. కింది వైపు నుంచి చూస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. డిగ్రీ చదివిన నాకు తట్టనిది, పాతికేళ్ళుగా స్టాంపుల కోసం అక్షరాలు తిరగేసి చెక్కిన ఆయనకు చూడగానే తట్టింది. నన్ను చూసి నవ్వలేదు. "నీది మంచిగనే ఉన్నది, తిప్పుకుంటె సరిపోతది" అన్నాడంతే.

మూడు ఆదివారాలు ఆ బోర్డు మీద కూర్చున్నాం. ఆయన వెంట్రుకంత సన్నటి కుంచెతో నల్ల పెయింటు గీతలు లాగుతుంటే, నేను పక్కన పీట మీద కూర్చుని కాళ్ళ నంబర్లు చదివేదాన్ని. "గీతలు ఎవడన్న గీస్తడు చెల్లె. నడుమ సందు చూసుకోవాలె" అనేవాడు. అక్షరాలకైనా అంతే, సర్క్యూట్‌కైనా అంతే. రెండు గీతలు తాకితే పని చెడింది. గీతలు ఆరుతుండగా గళ్ళ నోటుపుస్తకంలో చుక్కలు పెట్టి తెలుగు అక్షరాలు దిద్దాడు. టీవీ మీద తెలుగు కనబడాలని ఆయన పట్టు. చిప్‌లో చోటు తక్కువ, ఒక్కో అక్షరానికి పట్టే చుక్కలు కొన్నే. 'ఖ' దగ్గర ఆయన విసుక్కోవడం నాకింకా గుర్తుంది. అచ్చులు, హల్లులు, గుణింతాలు పట్టాయి, ఒత్తుల్లో కొన్నింటినే పట్టించగలిగాం. వాటిని మధ్యలో ఒకరోజు ఖమ్మం వెళ్ళి చిప్‌లోకి ఎక్కించి తెచ్చాను. టీవీ వెలగగానే ముందు 'నమస్తే' అని రావాలని అనుకున్నాం.

మూడో ఆదివారం మధ్యాహ్నానికి చిప్పూ మిగతావీ అతికించడం పూర్తయింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. చీకటి పడేదాకా రాలేదు. మర్నాడు పొద్దున్నే నేను బడికి వెళ్ళాలి, పిల్లలకు మాట ఇచ్చాను. పెట్టె సంగతి అప్పటికి ఇద్దరం ఆలోచించనే లేదు. నా దగ్గర ఒక స్టీలు టిఫిన్ డబ్బా ఉంది. దాని పక్కలకు అన్నే రంధ్రాలు కొట్టి ఇచ్చాడు. బోర్డును అందులో కూర్చోబెట్టి, తీగలు రంధ్రాల్లోంచి బయటికి లాగి, మూత బిగించాను.

ఆ అడవి తెలిసిన పాఠకులకు ఇప్పటికే గుండె ఝల్లుమని ఉంటుంది. అక్కడ నక్సలైట్లు బాంబులు పెట్టేది అలాంటి టిఫిన్ డబ్బాల్లోనే. నాకు మాత్రం అది తట్టలేదు.

దారిలో పోలీసు క్యాంపు దగ్గర మామూలుగానే బస్సు ఆపారు. మామూలుగానే సంచులు కిందికి దింపించి తెరిచారు. నా సంచి తెరిచిన కానిస్టేబుల్ స్టీలు డబ్బానూ, దాని పక్కల నుంచి వేలాడుతున్న తీగలనూ చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. తర్వాత అంతా అరుపులు. జనమంతా దిగి పరిగెత్తారు. బస్సును దూరంగా తీశారు. సంచిని కదిలించకుండా చుట్టూ ఇసుక బస్తాలు పేర్చారు. నన్ను రేకుల షెడ్డు కింద ఒక స్టూలు మీద కూర్చోబెట్టారు. ఎదురుగా నా వైపే తుపాకీ పట్టుకున్న కానిస్టేబుల్‌కు ఇరవై మూడేళ్ళుంటాయేమో.

ఎస్సై వచ్చాడు. "ఏందమ్మా అది?"

"కంప్యూటర్ అండి. పిల్లల కోసం."

"టిఫిన్ డబ్బాల కంప్యూటరా? ఎవరిచ్చిండ్రు?"

"నేనే చేశానండి."

ఆ చోట అంతకన్నా చెడ్డ జవాబు ఉండదని అన్నాకే తెలిసింది. పెద్ద ఊరి నుంచి బాంబులు చూసేవాళ్ళు రావాలి, సాయంత్రమవుతుంది, అప్పటిదాకా కదలొద్దు అన్నాడు. మా బడికి ఫోన్ లేదు. నా మాటకు సాక్ష్యం ఎవరని అడిగితే నోటికొచ్చిన ఒకే పేరు చెప్పాను. అన్న కొట్టు పక్కన ఎస్టీడీ బూత్ ఉంది. ఆ నంబర్ ఇచ్చాను. ఇచ్చిన మరుక్షణం భయం పట్టుకుంది. తట్టల్లో మందునీళ్ళు, చేతుల నిండా మరకలు ఉన్న మనిషి. ఈ కేసులోకి ఆయనను లాగాను. ఆయన వచ్చి, "నాకేం తెల్వదు సార్, ఎవరో టీచరమ్మ ఏదో గీయమంటే గీసిన" అంటే తప్పు పట్టగలనా?

రెండు గంటలు గడిచాక మోపెడ్ చప్పుడు వినిపించింది. ఎడమ కాలు రంగుల ప్యాంటుతోనే వచ్చాడు. నన్ను చూసి, "తిన్నవా చెల్లె?" అని అడిగాడు. తర్వాత ఎస్సై వైపు తిరిగాడు.

"గది నీ పనేనా?"

"అవ్ సార్. బోర్డు నేనే గీసిన. డబ్బకు తూట్లు గూడ నేనే కొట్టిన."

"లోపలేమున్నది?"

"నేనే ఇప్పుత సార్. మీరందరు దూరం జరగుండ్రి."

నేను లేవబోయాను. కూర్చోమని చెయ్యి చూపించాడు. ఒక్కడే ఇసుక బస్తాల వెనక్కి వెళ్ళి, మూత తీసి, బోర్డును బయటికి లాగి, మొక్కజొన్న కంకిని చూపించినట్టు పైకెత్తి చూపించాడు. చిప్, నాలుగు బుడిపెలు, రాగి గీతలు. మందుగుండు లేదని తేలింది. కానీ అది ఏమిటో ఇంకా తేలలేదు.

"నడుస్తదా మరి?" అన్నాడు ఎస్సై.

ఆ బోర్డు ఒక్కసారి కూడా వెలగలేదని మా ఇద్దరికే తెలుసు.

"నడుస్తది సార్" అన్నాడు అన్న.

క్యాంపు టీవీకి కలిపాం. కీబోర్డు నా రెండో సంచిలో ఉంది. కరెంటు ఇచ్చాం. తెర మీద తెల్లటి గీతలు పరిగెత్తాయి తప్ప ఒక్క అక్షరం రాలేదు. తీసి మళ్ళీ పెట్టాను. అవే గీతలు. నాకు చెమటతో చీర వీపుకు అంటుకుపోయింది.

అన్న జేబులోంచి స్టాంపులు చూసుకునే భూతద్దం తీశాడు. బోర్డును తిరగేసి, టీవీకి వెళ్ళే తీగ దగ్గర మొదలుపెట్టి, వెనక్కి వెనక్కి చిప్ దాకా ఒక్కో గీత చదువుకుంటూ వెళ్ళాడు. మధ్యలో ఒకచోట ఆగాడు.

"చెల్లె, పిన్నీసున్నదా?"

చీర కొంగుకున్న పిన్నీసు తీసి ఇచ్చాను. రెండు గీతల నడుమ నీళ్ళు తినకుండా వదిలేసిన రాగి పోగు ఒకటి ఉంది. కంటికి ఆనేది కాదు. పిన్నీసు మొనతో దాన్ని గీకి, నోటితో ఊది, బోర్డు నా చేతికిచ్చాడు. మళ్ళీ కలిపాను.

తెర నల్లబడింది. తర్వాత దాని నడుమ, ఆయన గళ్ళ పుస్తకంలో దిద్దిన అక్షరాలతో, 'నమస్తే' అని వచ్చింది.

నా మీద తుపాకీ పట్టుకున్న కుర్ర కానిస్టేబుల్ దాన్ని భుజానికి తగిలించుకుని, "నా పేరు కొట్టొచ్చా మేడం?" అని అడిగాడు. వేలితో ఒక్కో అక్షరం వెతికి కొట్టుకున్నాడు. తన పేరు టీవీలో చూసి పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఎస్సై మాకు చాయ్ తెప్పించాడు. సాసర్ లేదు, అన్న గ్లాసుతోనే తాగాడు. "ఇంకోసారి మాత్రం గిట్ల డబ్బల పెట్టుకొని రాకుండ్రి. మా పానాలు పోయినయ్" అన్నాడు ఎస్సై. ఆ మాటలో కోపం లేదు.

బయటికొచ్చాక అన్న మోపెడ్ కిక్ కొట్టబోతే కాలు వణికి జారింది. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ జారింది. ఇద్దరం రోడ్డు పక్కన నిలబడి నవ్వాం.

"నడుస్తుందని ఎలా చెప్పారన్నా?"

"నడవదంటె నీ గతేంగాను?" మళ్ళీ కిక్ మీద కాలు పెట్టి, "తప్పు నాదే చెల్లె. సందు సక్కగ చూస్కోలే" అన్నాడు.

పెట్టె పని ఆ వారమే మొదలుపెట్టాడు. ఈసారి లోపలున్నదంతా బయటికే కనబడాలని ఆయనే అన్నాడు. నంబర్ ప్లేట్లకు కోయగా మిగిలిన అద్దంలాంటి ప్లాస్టిక్ షీట్లు కొట్టు నిండా ఉండేవి. వాటిని వంచడానికి పొయ్యి మీద ఇనప కడ్డీ కాల్చి, షీటును దాని మీద ఆనించేవాడు. మెత్తబడగానే వదిన తడిగుడ్డతో పట్టుకుని వంపు నిలిపేది. మొదటి రెండూ పగిలాయి. "మీ కంప్యూటర్‌కు నా పొయ్యి రెండ్రోజులాయె ఖాళీ లేదు" అని వదిన గొణిగేది గానీ చెయ్యి మాత్రం వదిలేది కాదు. నేను గీసిన కొలతలు బల్లమీద పెట్టడానికి సరిపోయేవి. అన్న ఒకరోజు మా బడికి వచ్చి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న పిల్లల మోచేతుల ఎత్తు టేపుతో కొలుచుకుపోయాడు. బడిలో బల్లలు లేవని నాకు తెలుసు. అయినా నా బొమ్మలో బల్ల ఉంది. గాలి ఆడే రంధ్రాలకు లోపలినుంచి దోమతెర ముక్క అతికించాడు. వెచ్చటి చోటు దొరికితే మా దగ్గర చీమలూ బల్లులూ కాపురం పెడతాయి. మూత మీద పెద్ద అక్షరాలతో రాశాడు: 'ఇది కంప్యూటర్. ముట్టుకోవచ్చు.'

రెండోసారి క్యాంపు దగ్గర సంచి తెరిస్తే, కానిస్టేబుల్ మూత మీది అక్షరాలు పైకి చదివి, వేలితో ఒకసారి ముట్టుకుని, వెళ్ళమన్నాడు.

మొత్తం నాలుగు చేశాం. మూడు బడిలో, ఒకటి అన్న కొట్టులో. అడవి ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు తమ పేర్లు, అమ్మల పేర్లు, వాగుల పేర్లు కొట్టుకున్నారు. తమ ఇంటి భాషలోని మాటలు తెలుగు అక్షరాల్లో కొట్టి ఒకరికొకరు చూపించుకుని నవ్వుకున్నారు. షాక్ కొడుతుందా అని అడిగిన అమ్మాయి ఇప్పుడు భద్రాచలంలో ఇంటర్ చదువుతోంది. ఏడాది తిరక్కుండా ప్రిన్సిపాల్ మేడం తన గదిలోని కంప్యూటర్ మీది పూల గుడ్డ తనే తీసేసింది.

ఇన్నేళ్ళూ ఒక భయం మాత్రం నాలో ఉండిపోయింది. ఆ రోజు ఆయన అందరూ చూస్తుండగా పోలీసు క్యాంపుకు వెళ్ళాడు, చాయ్ తాగి వచ్చాడు. ఆ అడవిలో దాన్ని చూసేవాళ్ళు ఇంకో వైపు కూడా ఉంటారు. నా మూలంగా ఎవరైనా వచ్చి ఆయన్ని నిలదీస్తారేమోనని ఎన్నిసార్లు అనుకున్నానో. అడగడానికి నోరు రాలేదు.

రెండు వారాల కిందట చూడటానికి వెళ్ళినప్పుడు అడిగాను. ఖమ్మం దవాఖానా నుంచి ఇంటికి తెచ్చేశారు. గోడకు దిండ్లు పెట్టుకుని కూర్చున్నాడు.

"అన్నా, అప్పుడు క్యాంపుకొచ్చినందుకు మిమ్మల్ని ఎవరైనా ఏమైనా అన్నారా?"

కాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు. "వచ్చిండ్రు. ముగ్గురు. నెల దాటినంక."

వదిన అటు తిరిగింది. ఆమెకు తెలుసు.

"ఏమడిగారు?"

"క్యాంపుల నీకేం పని అన్నరు. కొట్టుల పెట్టె ఉండె గద, అదే ముందల పెట్టిన. గిదే పని అన్న. చూసిండ్రు, మూత మీద చదివిండ్రు. ఒకాయన పేరు కొట్టిండు. అసలు పేరో కాదో." నవ్వబోతే దగ్గొచ్చింది. అది తగ్గేదాకా వదిన వీపు రాసింది. "మంచిగున్నదన్నరు. పోయిండ్రు. మల్ల రాలే."

"నాకెందుకు చెప్పలేదన్నా?"

"జెప్తె నువ్వు బడి ఇడిశి మీ ఊరు పోతవని."

అన్నేళ్ళ బరువు ఒక్కసారిగా దిగింది. నేను ఆయన పాదాల దగ్గర మంచం పట్టీ పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఆయన పోయాడని విన్న ఉదయం కూడా, దుఃఖం కింద ఆ తేలిక అలాగే ఉంది. అడిగాను, చెప్పాడు. ఆయనకు నా వల్ల కీడు జరగలేదు. బతికుండగానే ఆ సంగతి నాకు ఆయన నోట వినబడింది.

నేను చూడటానికి వెళ్ళిన ఆ సాయంత్రం వదిన బత్తాయి ఒలిచి పళ్ళెంలో పెట్టింది. కిటికీలోంచి వాలిన ఎండ మంచం మీద పడుతోంది. ఆయన ఒక్కో తొనను తీసి, వేళ్ళతో ఎండకు ఎత్తి పట్టుకుని, లోపల గింజ ఉందేమో చూసి, నెమ్మదిగా నోట్లో వేసుకుంటున్నాడు. ఒక తొన నాకిచ్చాడు. అందులో గింజ లేదు.